మాట పడేవాళ్ల పుస్తకం

జబర్దస్త్ నటుల మీద పుస్తకమంటే నొసలు చిట్లించేవాళ్లు నంద్యాలలో ఉన్నారు, ఆళ్లగడ్డలోనూ ఉన్నారు. వాళ్లలో సగం మంది నా స్నేహితులే. పరిషత్తు పోటీల కోసం సెట్టు సామాను బస్సు టాపు మీద కట్టుకుని ఊళ్లు తిరిగిన జట్టు మాది. "టీవీలో చీర కట్టుకుని గెంతే పిల్లగాళ్ల మీద నువ్వు పీఠిక రాస్తావా?" అని అందులో ఒకాయన మొహమ్మీదే అడిగాడు. రాస్తానన్నాను. నవ్వించినవాణ్ణి పొగడటం ఎవరైనా చేస్తారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి నవ్వులపాలైనవాణ్ణి పట్టుకుంది. పంచ్ వేసినవాడి కంటే పంచ్ పడ్డవాడే ఎక్కువ నటుడు అన్నది ఈ పుస్తకం మొత్తానికి ఆధారం. నాటకాల్లో మొహానికి రంగు పూసుకున్న ఎవరికైనా ఈ సంగతి తెలుసు. తెలిసీ ఎవరూ రాయలేదు.

గ్రంథకర్త్రి పేరు అట్ట మీద ఉంది కాబట్టి నేను మళ్లీ రాయను. నా దగ్గర ఇంటర్మీడియట్‌లో తెలుగు చదువుకుంది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇంటి పిల్ల. రాతప్రతి తీసుకొచ్చిన రోజు దానితోపాటు ఒక పాత నోటుబుక్కు కూడా తెచ్చింది. ప్రతి పేజీకీ నిలువునా ఒక గీత. ఎడమ పక్క పంచ్ వేసినవాడి పేరు, కుడి పక్క పడ్డవాడి పేరు, ఆ పేరు కింద ఆ మనిషి ఏం చేశాడన్నది. కళ్లు దించాడా, జేబులో చెయ్యి పెట్టుకున్నాడా, జడ్జీల వైపు చూశాడా, నవ్వు ఆగక వీపు తిప్పాడా, లేక అసలేమీ పట్టనట్టు తర్వాతి మాట అందుకున్నాడా. ఎడమ పక్క చాలాచోట్ల ఒట్టి పేరే ఉంది. కుడి పక్క జాగా చాలక రాతలు అంచు మీదికి ఎక్కి, కొన్ని పేజీల్లో అడ్డంగా తిరిగాయి.

"ఇదేందమ్మా, ఒక పక్కంతా ఖాళీగా వదిలినావు?" అన్నాను.

"పంచ్ ఏందో యూట్యూబ్‌లో అందరూ చెప్తారు సార్. పడినోడు ఏం చేసినాడో ఎవరూ చెప్పరు" అంది.

పీఠిక రాయడానికి నేను ఒప్పుకున్నది ఆ మాట విన్నాకే.

చరిత్ర తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. 2013 ఫిబ్రవరి 7, గురువారం రాత్రి ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది. తీసింది మల్లెమాల సంస్థ. దాని అధిపతి శ్యామ్‌ప్రసాద్ రెడ్డి మన పక్కకు కొత్త మనిషి కాదు. 2009లో వచ్చిన ఆయన 'అరుంధతి'లో గద్వాల కోటగా కనిపించేది మన బనగానపల్లె నవాబు బంగళాయే. ఇప్పుడు యాగంటికి పోయేవాళ్లు దాన్ని అరుంధతి కోట అనే అడుగుతారు, నవాబు పేరు ఎవరికీ అక్కర్లేదు. జడ్జీలుగా నాగబాబు, రోజా. యాంకర్లుగా అనసూయ, రష్మి. గిరాకీ చూసి 2014లో శుక్రవారానికి ఎక్స్‌ట్రా జబర్దస్త్ కూడా పెట్టారు. 2019 చివర్లో నాగబాబు వెళ్లిపోయారు, ఆయనతో చమ్మక్ చంద్ర లాంటి వాళ్లు కొందరు వెళ్లారు. 2022లో రోజా మంత్రి పదవి వచ్చి తప్పుకున్నారు. తర్వాత ఇంద్రజ, కృష్ణభగవాన్ ఆ కుర్చీల్లో కూర్చున్నారు. జడ్జీలు మారారు, యాంకర్లు మారారు, టీములు విడిపోయి కలిశాయి. స్కిట్టు మాత్రం నడుస్తూనే ఉంది.

తెలుగు టీవీలో దీనికి ముందు హాస్యం లేదని కాదు. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ' మా తరం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసింది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన 'అమృతం'ను ఇప్పటికీ వల్లెవేసేవాళ్లున్నారు. అవి నడిచే కథలు. పాత్రలకు ఇల్లూ వాకిలీ ఉంటాయి, వారం వారం మన చుట్టాలవుతాయి. స్కిట్టుకు ఆ వీలు లేదు. ఏడెనిమిది నిమిషాల్లో మొగుడు, పెళ్లాం, అత్త, దొంగ, పోలీసు అందరూ పుట్టి చచ్చిపోవాలి. ప్రేక్షకుడికి పాత్ర మీద మమకారం పుట్టే వ్యవధి ఉండదు కాబట్టి ఆ మమకారమంతా నటుడి మీదికి పోతుంది. న్యూయార్కులో 1975 అక్టోబరు నుంచి శనివారం రాత్రులు నడుస్తున్న 'శాటర్డే నైట్ లైవ్' సంగతీ అంతే. అక్కడివాళ్లు కూడా పాత్రల పేర్లు మరిచిపోయి నటుల పేర్లే చెప్పుకుంటారు. ఒక తేడా ఉంది. అది ప్రత్యక్ష ప్రసారం, అక్కడ నటుడు నవ్వాపుకోలేకపోతే పాతకాపులు తప్పు పడతారు. మనది రికార్డు చేసి కత్తిరించే కార్యక్రమమే అయినా, నటుడు మధ్యలో పగలబడి నవ్విన ముక్కను కత్తిరించరు. కావాలనే ఉంచుతారు. ఎందుకు ఉంచుతారన్న దాని మీద ఈ పుస్తకం రెండో అధ్యాయంలో మంచి చర్చ ఉంది.

ఇక అసలు సంగతి. మా నాటకాల్లో ఒక చెంపదెబ్బ ఉండేది. ఏ నాటిక తీసుకున్నా ఒకడు కొడతాడు, ఒకడు తింటాడు. మా దర్శకుడు కొట్టేవాడికి ఐదు నిమిషాలు నేర్పితే, తినేవాడికి వారం నేర్పేవాడు. చెయ్యి అందకముందే తల తిప్పితే దొంగదెబ్బ అని జనానికి తెలిసిపోతుంది. చెయ్యి ఆగిన తర్వాత తిప్పితే పాపం అనుకుంటారు, నవ్వరు. చప్పట్లో చప్పుడు, తలలో తిరుగుడు ఒక్కసారే జరగాలి. ఆ పైన ఒక రెప్పపాటు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తిన్నవాడి మొహంలో 'నన్నెందుకు కొట్టాడబ్బా' అన్న అమాయకత్వం కనిపించాలి. నవ్వు వచ్చేది అప్పుడే, చప్పుడుకు కాదు. నోటితో కొట్టే దెబ్బకైనా లెక్క ఇదే. తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎన్ని కారుకూతలు కూసినా, అవి పడే జుట్టుపోలిగాడు, తిరగబడే బంగారక్క లేకపోతే తెర వెనక దీపం వృథా. రామాయణం నడుస్తుంటే కునికే జనాన్ని లేపిన ముగ్గురు వాళ్లు. జబర్దస్త్‌ను ఆ ముగ్గురి సంతానంగా చూడటం ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన ఊహ.

సుడిగాలి సుధీర్ మీద రాసిన అధ్యాయం చదివాక ఆ కుర్రాడి స్కిట్లు మళ్లీ పెట్టించుకుని చూశాను. సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్: ఈ ముగ్గురి జట్టు తెలుగు నేలంతటికీ తెలుసు. శ్రీను వేషం మారిస్తే గొంతు, నడక, మెడ నరం కూడా మారతాయి. రాంప్రసాద్ మాటకు మాట ముడివేసి విసురుతాడు, ఆ జట్టుకు రాత కూడా అతనిదే. మరి మ్యాజిక్కులు చేసుకుంటూ వచ్చిన సుధీర్ చేసేదేమిటి? తిట్లు తింటాడు. ఆడపిల్లల వెంట పడతాడని, అందగాణ్ణనుకుంటాడని, పాడటం రాకపోయినా పాడతాడని మిగతా ఇద్దరూ ఏళ్ల తరబడి ఏకిపెట్టారు. జట్టుకు నాయకుడు అతనే, పేరు అతనిదే, మాట పడేది అతనే. నాయకుడు మాట పడితే కింది నటుడికి ధైర్యం వస్తుంది, ఎంత పెద్ద పంచైనా వేస్తాడు. ఆ జట్టు అంత కాలం విరగకుండా నడవడానికి కారణం అదేనని ఈమె తేల్చింది. నాకూ నిజమే అనిపించింది. హీరో వేషాలకు పోయాక అతని సినిమాల్లో ఆ చమక్కు తగ్గడానికి కూడా కారణం అదేనేమో. సినిమాలో హీరోను ఎవరు తిడతారు?

ఒక్కచోట మాత్రం నాకూ ఆమెకూ పొసగలేదు. హైపర్ ఆది గురించి. అదిరే అభి జట్టులో రాతగాడిగా అడుగుపెట్టి సొంత జట్టు కట్టుకున్నవాడు. అతని వేగం నేను కాదనను. ఒక పంచ్ అరిగేలోపల మూడు పడతాయి. ఆ పంచ్‌లలో చాలా భాగం రైజింగ్ రాజు మీదే. వయసులో పెద్దవాడు, బక్కపలచని మనిషి. అతని మీద పడ్డ మాటలన్నిటినీ ఈమె కుడి పక్క గడిలో రాసుకుంది. రాజు గారు ప్రతి మాటకూ ఒకే రకం మొహం పెట్టడు, మొదటిదానికి విస్తుపోతాడు, రెండోదానికి ఒప్పుకున్నట్టు తలాడిస్తాడు, మూడోదానికి తనే నవ్వేస్తాడు, అందుకే ఆది పంచ్‌లు అన్ని పేలాయని ఆమె వాదన. బాగుంది. కానీ వేగం ఎక్కువైతే మాట పడ్డవాడికి పడే తీరిక కూడా ఉండదు. నేను చెప్పిన ఆ రెప్పపాటు నిశ్శబ్దం ఆది స్కిట్లో దొరకదు. జనం పంచ్‌కు నవ్వుతారు, మనిషికి నవ్వరు. ఆమె ఒప్పుకోలేదు. "మీ కాలంలో బస్సు కూడా నిదానంగానే పోయేది కదా సార్" అంది. ఆ అధ్యాయం ఆమె రాసినట్టే అచ్చయింది, అట్లే అచ్చు కావాలి కూడా.

పొట్టివాళ్ల మీద, నల్లటివాళ్ల మీద, లావుపాటి ఆడవాళ్ల మీద వేసే జోకుల విషయంలో నా వైఖరి ఇంకాస్త కటువు. రెండర్థాల మాటల మీద, కులాల మీద, ఊళ్ల మీద వేసిన మాటల మీద ఈ కార్యక్రమానికి వచ్చిన ఫిర్యాదులు తక్కువేమీ కావు. నటులు క్షమాపణలు చెప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఈమె వాటిని దాచలేదు. అయితే నరేశ్ మీద రాసిన పేజీల్లో ఒక మాట అంది: తన ఎత్తు మీద జోకు వేసినప్పుడు అతను ఎప్పుడూ ముడుచుకోడు, వెంటనే ఎదుటివాడి మీదికి రెట్టింపు పొగరుతో దూకుతాడు, కాబట్టి స్కిట్టులో అతను బాధితుడు కాడు, రౌడీ. నేను ఆలోచనలో పడ్డాను. పూర్తిగా సమాధానపడ్డానని మాత్రం చెప్పను.

పుస్తకంలో అన్నిటికంటే బరువైన అధ్యాయం చీరలు కట్టిన మగవాళ్లది. నా స్నేహితుడు ఈసడించింది వీళ్లనే. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, మధురవాణిగా రంగస్థలం ఏలారు. ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది. అప్పుడు అది కళ. మరి శాంతిస్వరూప్, వినోద్ చేస్తే వెకిలితనమా? ఇద్దరినీ ఒకే తక్కెడలో వేయడం నాకిష్టం లేదు, కానీ అడగాల్సిన ప్రశ్నే. ఈమె ఇంకో అడుగు ముందుకు వేసి, తాడిపత్రిలో పుట్టిన మన సీమ మనిషి బళ్లారి రాఘవను తెచ్చింది. ఆడవాళ్ల పాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగం మీదికి తీసుకొచ్చి, పక్కన నటించిన వకీలు ఆయన. 1946లో పోయారు. ఆయన పోయి అరవై ఏళ్లు దాటాక మొదలైన ఒక టీవీ కార్యక్రమంలో తొలి ఏళ్లలో పెళ్లాం పాత్ర దాదాపు ప్రతిసారీ మగవాడే ఎందుకు వేశాడని ఆమె నిలదీసింది. జవాబు కూడా ఆమే చెప్పింది. ఆ స్కిట్లలో పెళ్లాం తన్నులు తింటుంది, తంతుంది, రెండర్థాల మాట వింటుంది. నిజం ఆడమనిషిని అక్కడ నిలబెడితే చూసే ఇల్లు ఒప్పుకోదని తీసేవాళ్లకు భయం. మగవాడు చీర కడితే ఏదైనా చెల్లుతుంది.

ఆ తర్వాత సత్యశ్రీ చమ్మక్ చంద్ర పక్కన నిలబడి మాటకు మాట అప్పజెప్పింది. చంద్ర స్వయంగా ఆడవేషంలో ఆరితేరినవాడు. ఆడవాళ్లు కొంగు ఎప్పుడు దోపుతారో, ఎప్పుడు విదిలిస్తారో అతనికి తెలిసినంత చాలామంది ఆడవాళ్లకే తెలియదు. అటువంటివాడి ఎదుట తేలిపోకుండా నిలవడం మాటలు కాదు. ఆ వెనక రోహిణి, ఫైమా, వర్ష వచ్చారు. రోహిణి పంచ్ వేయడంలోనూ పడటంలోనూ ఒకే హుషారు చూపిస్తుందని, అది మగ నటుల్లో కూడా అరుదని ఈమె రాసింది. బుల్లెట్ భాస్కర్ స్కిట్లలో ఫైమా, వర్షతో ఇమ్మాన్యుయేల్ జోడీ మీద రాసిన పేజీలు కొంచెం అభిమానం పొంగి పొర్లినట్టున్నాయి. ఒక పేజీ తగ్గించి ఉండొచ్చు.

సీమవాణ్ణి కాబట్టి నా కడుపులో ఉన్న ఒక మంట కూడా చెప్పాలి. స్కిట్టులో రాయలసీమ అనగానే తెల్ల చొక్కా, మెలేసిన మీసం, తొడగొట్టుడు, గాల్లోకి లేచే సుమోలు. ఆళ్లగడ్డ పేరు చెబితే చాలు, హైదరాబాదులో పిల్లలు నవ్వుతారు. ఇక్కడ ఉలి చప్పుళ్లూ అహోబిలం పరువేట ఉత్సవమూ వాళ్లకు ఎట్లా తెలుస్తాయి? ఆ వెక్కిరింత సీమ మీద కాదు, సీమ మీద తీసిన సినిమాల మీద అని గ్రంథకర్త్రి అంటుంది. సగం ఒప్పుకుంటాను. ఆ సినిమాలు చూడని చిన్నపిల్లలకు స్కిట్టే సీమ అయి కూర్చుంటుందని నా భయం.

ఈ సందర్భంలో ఆమె జయప్రకాశ్ రెడ్డిని గుర్తు చేసుకోవడం నాకు కన్నీళ్లు తెప్పించింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సు శిరివెళ్ల మీదుగానే పోతుంది. ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. లెక్కల మాస్టారు. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999)లతో మన యాసతోనే రాష్ట్రాన్ని భయపెట్టాడు. తర్వాత 'రెడీ' లాంటి సినిమాల్లో అదే యాసతో నవ్వించాడు. అవే దీర్ఘాలు, అదే విరుపు, అదే గర్జన. గర్జించినా ఎదుటివాడు భయపడకపోతే ఎట్లుంటుందో మొహంలో చూపించాడు, అంతే, జనం నవ్వారు. రౌడీ మాట పడ్డాడన్నమాట. జబర్దస్త్‌లో సీమ వేషం వేసే ప్రతి నటుడూ తెలిసో తెలియకో ఆయన గొంతునే అరువు తెచ్చుకుంటున్నాడు. సినిమాల్లో అంత పేరు వచ్చాక కూడా 'అలెగ్జాండర్' అనే నాటకాన్ని ఒక్కడే వేదిక మీద నిలబడి మొదట్నుంచి చివరిదాకా ఆడేవాడు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో కన్నుమూశాడు. టీవీ నటుల పుస్తకంలో ఆయన ప్రస్తావన ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ అధ్యాయం తీసి చూపించండి.

వెళ్లిపోయినవాళ్ల గురించి, ఉండిపోయినవాళ్ల గురించి రెండు అధ్యాయాలున్నాయి. వెళ్లినవాళ్లలో వేణు ఎల్దండి కథ అందరికీ తెలిసిందే. స్కిట్లు వేసుకునే మనిషి చావింటి చుట్టూ 'బలగం' (2023) తీస్తే ఊరూరా తెరలు కట్టుకుని ఏడ్చారు. మహేశ్ 'రంగస్థలం' (2018)లో చెవిటి చిట్టిబాబుకు పక్కనుండి సైగలు చేసే కుర్రాడిగా నిలిచిపోయాడు. అది కూడా పక్కవాడి వేషమే, ఈమె సిద్ధాంతానికి సరిగ్గా సరిపోయింది. కిర్రాక్ ఆర్పీ చేపల పులుసు దుకాణం పెట్టాడు. ఆ భాగం మరీ వేగంగా ముగించింది, నేనూ వేగంగానే దాటేస్తాను.

ఉండిపోయినవాళ్లలో రాకెట్ రాఘవ మీద రాసింది మళ్లీ మళ్లీ చదవదగ్గది. మొదటి రోజుల నుంచీ ఉన్నాడు. తోటివాళ్లు సినిమాలకు, వేరే చానెళ్లకు పోతున్నా అక్కడే ఉన్నాడు. అతని స్కిట్లలో పేలుళ్లు తక్కువ. మొగుడు ఇంటికి వస్తాడు, పెళ్లాం ఏదో అంటుంది, పిల్లవాడు ఇంకేదో అంటాడు, ఈయన బిక్కమొహం వేస్తాడు. వారం వారం అదే బిక్కమొహం, ప్రతి వారం కొంచెం వేరుగా. పిల్లలు పంచ్ వేస్తుంటే పెద్దవాడు పడటం అన్న పద్ధతిని అతను అంత ఓపిగ్గా సాగించాడు. పంచ్ ప్రసాద్ గురించి నేను ఎక్కువ రాయలేను. మూత్రపిండాలు పాడై డయాలసిస్ చేయించుకుంటున్న రోజుల్లోనూ స్కిట్లు మానలేదు. తన జబ్బు మీద తోటివాళ్ల చేత జోకులు వేయించుకున్నాడు. ఇక్కడ ఈమె నోటుబుక్కులో కుడి పక్క గడి ఖాళీగా ఉంది. ఎందుకని నేను అడగలేదు.

లోపాలు లేవని కాదు. స్కిట్లు తెర మీదికి తెచ్చిన దర్శకుల గురించి రెండు మాటలతో సరిపెట్టింది. నవ్వు ఎక్కడ రావాలో జడ్జీ మొహం చూపించి చెప్పే కెమెరా గురించి అసలు రాయలేదు. వేదిక మీద ప్రేక్షకుడి నవ్వు మేం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూసి సంపాదించుకున్నదే. టీవీలో దాన్ని తెచ్చి అతికించవచ్చు. ఈ తేడా తెలియకుండా నటుణ్ణి అంచనా కట్టడం కష్టం. అచ్చుతప్పులు కూడా అక్కడక్కడా ఉన్నాయి, వాటికి ఆమెకంటే ప్రూఫు చూసిన నాదే ఎక్కువ పూచీ.

రెండో ముద్రణ వస్తే ఒక పని చేయమ్మా. ప్రతి జట్టులోనూ వెనక నిలబడి, ఒక్క మాట కూడా లేకుండా, తన్నులు మాత్రం తిని వెళ్లే కుర్రాళ్లు ఉంటారు. వాళ్ల పేర్లు తెర మీద సరిగ్గా కనిపించవు. వాళ్లను హైదరాబాదు పోయి కలువు. చార్జీలు నేనిస్తాను. పాఠకులకు నా మనవి ఇంతే: మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. రైజింగ్ రాజు అధ్యాయం ముందు చదివి, ఆది స్కిట్టు ఒకటి ఫోన్లో పెట్టుకుని చూసి, మా ఇద్దరిలో ఎవరి మాట సరైనదో ఆ అమ్మాయికి రాయండి. నాకు కాదు. నేనెట్లాగూ ఒప్పుకోను.